ఓడ తప్పిన సాయంత్రం

ఆగస్టు నెలలో మా సాంటోరిని దీవిలోని ఇయా ఊరి సందుల్లో నడవాలంటే మోచేతులకు పని చెప్పాలి. ఆ ఆదివారం యాకొవోస్‌కి ఆ వీలు కూడా లేదు. అన్న కూతురి బాప్తిస్మానికి పంచదార పూత పూసిన బాదంపప్పుల బుట్టలు రెండు చేతులా పట్టుకుని చర్చికి బయల్దేరాడు. గంట మోగుతోంది. పిల్లని ఎత్తుకుని పేరు పలకాల్సిన జ్ఞానమాత ఇంకా రాలేదు. ఆవిడ యాకొవోస్ వదిన ఫొతినికి కాలేజీ స్నేహితురాలు. వదిన చేస్తున్న ఫోనుకి ఆవిడ పలకడం లేదు. క్రూజ్ ఓడలేమో అన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే జనాన్ని దింపాయి.

నీలం గుమ్మటం దగ్గర మలుపులో ఒకమ్మాయి దారికి అడ్డంగా నిలబడి ఉంది. గోడమీద చేతులు ఆన్చి, ఎక్కడో కిందున్న సముద్రంలోకి చూస్తోంది. కాళ్ళ దగ్గర పెద్ద పెట్టె. అందరిలా ఫోటోలు తీసుకోవడం లేదు. ఊరికే చూస్తోంది.

కాస్త జరగమని, ఇక్కడ మనుషులు కాపురాలు కూడా చేస్తుంటారని యాకొవోస్ ఇంగ్లీషులో అన్నాడు. ఆమె కదల్లేదు. గొంతు పెంచాడు.

ఆమె ఇటు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు.

"గ్రీకులోనే తిట్టండి, అర్థమవుతుంది," అంది.

యాకొవోస్ తడబడ్డాడు. "తిట్టినందుకేనా ఏడుపు?"

"మీరు తిట్టారా? నేను వినలేదు. ఇది ఇలా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు."

"ప్రతి పోస్టుకార్డు మీదా ఇదే కదండీ ఉండేది."

"పోస్టుకార్డుకి లోతుండదు కదా."

లోతు తీరిగ్గా చూద్దురుగాని ముందు పెట్టె తియ్యమన్నాడు యాకొవోస్. అవతల చర్చిలో పసిపిల్ల ఎదురుచూస్తోందనీ, జ్ఞానమాత ఎవరో మహాతల్లి ఏ గోడ పట్టుకుని సెల్ఫీలు దిగుతోందో తెలియదనీ విసుక్కున్నాడు.

ఆమె ముఖం పాలిపోయింది. గబగబా వంగి పెట్టె ఎత్తుకుంది. అందులోంచి, బాప్తిస్మానికి జ్ఞానమాత తేవాల్సిన, రిబ్బను కట్టిన పొడుగాటి తెల్ల కొవ్వొత్తి పైకి తేలింది.

"సెల్ఫీలు దిగలేదు," అంది మెల్లగా. "చర్చి ఎటు?"

ఆ కొవ్వొత్తిని జెండాలా ఎత్తిపట్టుకుని నడవమని అతనే ఉపాయం చెప్పాడు. జనం పక్కకి తప్పుకున్నారు గానీ, ఇదేదో ఊరేగింపు అనుకుని వెంటపడ్డారు. వాళ్ళిద్దరూ చర్చి గుమ్మం ఎక్కేసరికి వెనక పెళ్ళివారంత మంది.

ఆమె పేరు మిర్సిని. గ్రీసు నడిబొడ్డున ఉన్న కార్పెనీసి కొండల్లో గొర్రెల డాక్టరు. సాంటోరిని రావడం ఇదే మొదలు. బిడ్డని బాప్తిస్మపు తొట్టిలోంచి ఎత్తుకుని "కలియోపి" అని ఆమె గట్టిగా పలికినప్పుడు, ఆ పేరు అసలు సొంతదారైన నానమ్మ, అంటే యాకొవోస్ తల్లి, ముందు వరసలో కూర్చుని కొంగు లేదు కాబట్టి చేతిరుమాలుతో ముఖమంతా కప్పేసుకుంది.

భోజనాల దగ్గర యాకొవోస్ క్షమాపణ చెప్పాలనుకున్నాడు. తీరా నోరు తెరిస్తే, గొర్రెల డాక్టరుకి మా ఊరి జనం కొత్తగా అనిపించి ఉండరులే అని వచ్చింది. గొర్రెలైతే దారి అడిగితే ఇస్తాయని మిర్సిని అంది. బల్లంతా నవ్వింది. కలియోపమ్మ మాత్రం టమాటా వడలు వడ్డిస్తూ, వీడు తాతల నాటి ద్రాక్షతోటని హోటలు వాళ్ళకి ఇచ్చేసి ఏథెన్సు పక్కనున్న పిరేయస్ వెళ్ళిపోతున్నాడని, రేపు సోమవారమే సంతకాలని చెప్పింది. ఆ మాట ఆవిడ ఎవరివంకా చూడకుండా చెప్పింది.

"ఎందుకని?" అని మిర్సిని అతన్నే అడిగింది.

"ఇక్కడ నాకు చూడ్డానికేం మిగల్లేదండీ. ఎటు తిరిగినా జనం వీపులే."

ఆమె ఆ తర్వాత అతనితో వెటకారం ఆడలేదు. యాకొవోస్‌కి అది తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది.

సాయంత్రం ఓడకి ఆమె తిరిగి వెళ్ళాలి. తోట ట్రక్కులో రేవుదాకా దింపమని తల్లి యాకొవోస్‌నే పురమాయించింది. కొండ అంచు దారిలో సగం దూరం వెళ్ళారో లేదో, సూర్యాస్తమయం కోసం ఆగిన బస్సులు ముందూ వెనకా కదలకుండా నిలిచిపోయాయి. యాకొవోస్ హారన్ కొట్టాడు, అందర్నీ కలిపి శపించాడు, చివరికి ఇంజను ఆపేశాడు. మిర్సిని అప్పటికే దిగిపోయింది. అతనూ వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

అక్కడ నేల ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఎరుపు, నలుపు, బూడిద చారలతో కొండ నిట్టనిలువుగా కిందికి జారి, ఎక్కడో అడుగున నీళ్ళలో మునుగుతుంది. ఆ నీళ్ళు అప్పుడు నీలంగా లేవు. కరిగించిన రాగి లోహంలా ఉన్నాయి. నడుమ నల్లటి అగ్నిపర్వతపు దీవి ఊపిరి బిగబట్టుకున్నట్టుంది. అవతలి దీవి వెనక్కి సూర్యుడు దిగుతుంటే, కొండమీది తెల్ల ఇళ్ళన్నీ ఒకదాని తర్వాత ఒకటి గులాబీ రంగుకి తిరిగాయి.

అంతమంది జనం. ఒక్కరూ మాట్లాడటం లేదు.

యాకొవోస్ ఆ వెలుగుని ఎన్నేళ్ళుగానో చూడలేదు. చూడకపోవడం అలవాటైపోయింది. ఇప్పుడు మిర్సిని చూపు వెంట తనూ చూశాడు. తల తిప్పాడు. బస్సులు దిగినవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. ఒక ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఒకావిడ నిద్రపోతున్న బిడ్డని వెలుగువైపు తిప్పి ఎత్తుకుంది. పొద్దుట మిర్సిని ముఖంలో ఉన్నదే వాళ్ళందరి ముఖాల్లోనూ ఉంది. వీపులు కాక వీళ్ళకి ముఖాలున్నాయని అతను మొదటిసారి గమనించాడు.

కింద, రాగి నీళ్ళ మీద తెల్లని గీత గీస్తూ ఒక ఓడ ఉత్తరానికి సాగిపోయింది. సూర్యుడు పూర్తిగా మునిగాక జనం చప్పట్లు కొట్టారు. బస్సులు కదిలాయి.

"మీ ఓడ వెళ్ళిపోయిందండీ," అన్నాడు యాకొవోస్.

"చూశాను. మన కిందనుంచే వెళ్ళింది."

"మరి చెప్పలేదేం?"

"మీరూ చూశారుగా. మీరెందుకు చెప్పలేదు?"

అతను ట్రక్కు తలుపు తెరిచి, మళ్ళీ మూశాడు.

"చెబితే మీరు వెళ్ళిపోతారని," అన్నాడు. "పొద్దుట్నుంచీ మిమ్మల్ని తప్ప ఇంకెవర్నీ చూడలేదు నేను. ఇప్పుడు మీ పక్కన నిలబడి మా ఊరు కూడా చూశాను. రేపు సంతకానికి వెళ్ళను."

తలమీదుగా ఎగురుతున్న పిట్టల గుంపు దాటిపోయేదాకా మిర్సిని ఆకాశంవైపే చూసింది. "అయితే రేపు ఏం చేస్తారు?"

"ద్రాక్ష కోత. మనుషులు చాలరు. మీకు కొయ్యడం వచ్చా?"

"నేర్పితే వస్తుంది. తిట్టకుండా నేర్పాలి."

ఇంటికి తిరిగొచ్చేసరికి వసారాలో కలియోపమ్మ, పొద్దుట బాప్తిస్మం ఇచ్చిన గెరాసిమోస్ ఫాదర్ కాఫీ తాగుతున్నారు. బల్లమీద మరో రెండు పళ్ళేలు బోర్లించి ఉన్నాయి. ఓడ ఏమైందని ఆవిడ అడగలేదు.

"బిడ్డ బాబాయీ బిడ్డ జ్ఞానమాతా పెళ్ళి చేసుకుంటే చర్చికేమైనా అభ్యంతరమా అని ఫాదర్‌ని అడిగానురా," అంది కొడుకుతో. "లేదన్నారు."

యాకొవోస్ చెవులదాకా ఎర్రబడ్డాడు. "అమ్మా, మేమింకా ఆ మాటే అనుకోలేదు. ఎప్పుడడిగావు?"

"మధ్యాహ్నం వడలు వడ్డించేటప్పుడే."

మిర్సిని పెట్టె కింద పెట్టి, ఫాదర్ వైపు తిరిగింది. "నిజంగా లేదన్నారా ఫాదర్?"

"చర్చికి లేదమ్మా," అన్నాడాయన గడ్డం నిమురుకుంటూ. "నీకేమైనా ఉందా?"

మిర్సిని కుర్చీ లాక్కుని యాకొవోస్ పక్కన కూర్చుని, బోర్లించిన పళ్ళెం వెల్లకిలా తిప్పింది.