గాదెలను విడదీసిన దీపం

గంధగిరి రాజ్యంలో కొండకొక కోట, కోటకొక గాదె ఉండేవి. వారసుడు లేకుండా రాజు చనిపోగానే కోటదొరలకు ఒకరిమీద ఒకరికి అనుమానం పుట్టింది. కొన్నాళ్ళకు రాజ్యం మీద ఒక మంత్రం పడింది. ఏ కోట ధాన్యమైనా పరాయి కోట గడప దాటితే బూడిదైపోయేది.

ఆ ఏడు వానలు తూర్పుకోట మీదే కురిశాయి. అక్కడి గాదె కాపలాదారు కూతురు చెంగల్వ. ఆమె అక్క నాగిరిని పడమటికోటకు ఇచ్చారు. అక్కడ కరువని విని చెంగల్వ, మంత్రం మాట నమ్మక, బియ్యం మూట నెత్తిన పెట్టుకుని వెళ్ళింది. పిల్లలు చుట్టూ చేరారు. మూట విప్పితే బూడిద.

"ఇంకెప్పుడూ తేకు చెల్లీ," అంది నాగిరి. "పిల్లలు ఆశపడుతున్నారు."

చెంగల్వ ఇంటికి పోలేదు. మంత్రం వేసింది అడవిలో ఉండే ధూమాక్షుడనే రాక్షసుడని జనం చెప్పుకునేవారు; వాణ్ణి వెతుక్కుంటూ అడవిలోకి నడిచింది. ముళ్ళపొదలు ఒళ్ళంతా చీరేశాయి. పొదలు దాటితే ఒక ఏరు, ఏటిలో ముసలి మొసలి.

"దాటిస్తాను. మీ గాదెలో నీ వాటా వదులుకుంటావా?" అంది మొసలి. "వదులుకుంటే ఆ గింజలు నీకూ బూడిదే."

చెంగల్వ చాలాసేపు ఒడ్డునే కూర్చుంది. తర్వాత, "వదులుకున్నాను," అంది. ఆమె కొంగున ఉన్న అటుకులు అప్పుడే బూడిదయ్యాయి.

అవతలి ఒడ్డున పుల్లటి కాయలు తింటూ ఆమె రాక్షసుడి గుహ చేరింది. లోపల నల్లని దీపం వెలుగుతోంది.

"మా వాళ్ళను ఎందుకు చంపుతున్నావు?" అని అడిగింది.

ధూమాక్షుడు నవ్వలేదు. "నాకెందుకు పిల్లా మీ గింజలు? మీ దొరలే ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి, తన ధాన్యం బయటికి పోకుండా చూడమని కాళ్ళు పట్టుకున్నారు. తనదంటూ గాదె లేనివాళ్ళు ఊదితేనే ఈ దీపం ఆరుతుంది. అలాంటివాళ్ళు ఇంతదాకా బతికి రాలేదు."

చెంగల్వ దీపం ఊదింది. అది ఆరిపోయింది. రాక్షసుడు ఆమెను ఆపలేదు.

ఆమె తూర్పుకోటకు తిరిగొచ్చి, తండ్రిని అడిగి మళ్ళీ బియ్యం తీసుకుని పడమటికోటకు పరుగెత్తింది. ఈసారి బియ్యం బియ్యంగానే ఉంది. నాగిరి మాత్రం లేదు. ఆమె పిల్లల్లో చిన్నవాడొక్కడే మిగిలాడు. చెంగల్వ వాడికి గంజి కాచి పోసింది. వాడు తాగుతూ, "అమ్మకు కొంచెం ఉంచు పిన్నీ," అన్నాడు.

మంత్రం తొలగించిందని జనం చెంగల్వనే రాణిని చేశారు. సింహాసనం ఎక్కిన రోజున ఆమె ఇలా శాసించింది: "ఏ గాదె ధాన్యం ఆ గాదెలోనే ఉండనివ్వండి. కాని ఏ కోటవాళ్ళు అడిగినా తలుపు తెరవాలి. ప్రతి గాదెలో మిగతా కోటల విత్తనాలు కూడా కొన్ని దాచాలి. ఒక కోట కాలిపోయినా దాని పంట చావకూడదు."

అలాగే జరిగింది. ఆమె ఏలినన్నాళ్ళు ఆ రాజ్యంలో ఎవరూ పస్తులతో పోలేదు.

శాసనం చేసిన రోజే, రాక్షసుడి దగ్గరికి ఎవరెవరు వెళ్ళారని ఆమె సభలో దొరలను అడిగింది. ప్రతి దొరా పక్కవాణ్ణి చూపించాడు. ఆమె ఎవరినీ శిక్షించలేదు. పడమటికోటకు పోవాల్సిన మొదటి మూటలు వాళ్ళ భుజాలకే ఎత్తించింది. చనిపోయినవాళ్ళ ఇళ్ళ ముందునుంచే వాళ్ళు వాటిని మోసుకుపోయారు. దారిపొడవునా బరువు గురించే మాట్లాడుకున్నారు.