పురిటికి వెళ్ళిన పండుగప్ప

“తొమ్మిదో తల నమోదైంది. మధ్యాహ్నంలోగా ఇంకొకటి,” అని పడవ కొసన బిగించిన నిఘాయంత్రం, కడలికన్ను, గుర్తుచేసింది. పోలమ్మ దానివైపు చూడకుండా గేలానికి ఎర గుచ్చింది.

కడలిలో కొంత మేర చేపల పెంపకానికి ‘సాగుకడలి’ అని కంచె వేసిన నాటి నుంచి పండుగప్ప చేప దొంగ అయింది. కంచెలో పెంచే చేపపిల్లల్ని తింటోందట! ఏరు కడలిలో కలిసే ఈ మొగలో తరతరాలుగా వేటాడి బతికిన చేపకు కంచె ఎవరిదో ఏం తెలుసు? కడలిని కాజేసినవాళ్ళు దొరలు, ఆకలేసి తిన్నది దొంగ. ఒక్కో పడవ పక్షానికి పది పెద్ద పండుగప్పల తలలు అప్పగించాలి. లేకపోతే మోటారుకు శాశ్వతంగా తాళం పడుతుంది. పోలమ్మకు ఉన్న ఆధారమల్లా ఆ పడవే.

తాడు బిగిసింది. అరచేతులు ఒరుసుకుపోయేలా లాగితే మూడు మూరల పండుగప్ప పైకొచ్చింది. పోలమ్మ అలవాటుగా దాని పొట్ట నిమిరింది. వేళ్ళకు గుడ్లు అంటుకున్నాయి.

పక్క పడవలోంచి మరిది దానయ్య చూశాడు. “వదినా, పదోది! తల కోసీ. మోటారు పోతే ఏటి తింతావు?”

“సూలు సేపని మీ అయ్య ఎప్పుడైనా కోసినాడేటి? ఆ తొమ్మిదీ కోసినందుకే నా సెయ్యంటే నాకు రోతగుంది!”

కొంగున కట్టుకున్న పసుపు తీసి చేప నుదుట అద్దింది. “పురుడు పోసుకుని రాయే తల్లీ,” అని నీళ్ళలోకి వదిలేసింది.

మోటారు టక్కున ఆగింది. “కారణం చెప్పండి. జారిపోయిందా, చచ్చిపోయిందా, తాడు తెగిందా?” అని అడిగింది కడలికన్ను.

“పురిటికెల్లింది.”

అది తడబడింది. దాని పట్టికలో ఆ మాట లేదు. కొత్త కారణం వస్తే, దానికి గడువు రాసుకోనిదే అది ముందుకు కదలలేదు. ఆ పట్టిక అన్ని పడవలకూ ఒక్కటే. మొగ పొడవునా ప్రతి పడవలోనూ ఒకే గొంతు పలికింది: “పురుడు ఎన్ని రోజులు? జవాబు వచ్చేవరకు తలల ఆదేశం నిలిపివేయబడింది.” ఆ తర్వాత పోలమ్మ ఒక్కదానితోనే, “జవాబు చెబితే మీ మోటారు తాళం తీస్తాను,” అంది.

“సెప్పీ వదినా!” అని అరిచాడు దానయ్య. మరుక్షణమే, జవాబు చెబితే తలల కోత మళ్ళీ మొదలవుతుందని అర్థమై నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

పోలమ్మ పెదవి బిగించి తెడ్డు అందుకుంది. ఒడ్డు చేరేదాకా కడలికన్ను అడుగుతూనే ఉంది.