నూకరత్నం గొంతు

నలభై మూడో గుటక దగ్గర పాప ఆగింది. గడ్డం కింద అతికించిన బొట్టుబిళ్ళంత సెన్సర్ ఆ సంగతి పసిగట్టింది. వెంటనే మంగవేణి చెవిలోని పూసలోంచి నూకరత్నం గొంతు వినిపించింది.

"అరికాలు గోకమ్మా. నిద్దరోతంది, అంతే. పాలు లేక కాదు."

అరికాలు మీద వేలితో రాస్తే పాప మళ్ళీ తాగింది.

మా నీలవేణి టవర్స్‌లో బాలింతలందరికీ ఆ పూసే దిక్కు. పరికరం పేరు 'తోడు'. సెన్సర్ గుటకలు లెక్కపెడుతుంది, పూస మాట్లాడుతుంది. అవతల మాట్లాడేది పన్నెండో అంతస్తులో ఉండే నూకరత్నమేనని, 'తోడు' ఇచ్చే డాక్టర్ అరుంధతి ప్రతి బాలింతకూ చెప్పింది. ముగ్గురు పిల్లలకు పాలిచ్చి పెంచిన మనిషి నూకరత్నం. ప్రతి గురువారం కమ్యూనిటీ హాల్లో తల్లులను కూర్చోబెట్టుకుంటుంది. అక్కడ ఒక కట్టుబాటు ఉంది. సలహా చెప్పే తల్లి ముందు తాను చేసిన తప్పు ఒప్పుకోవాలి. నిజానికి కొత్త తల్లికి ధైర్యం వచ్చేది ఆ తప్పు విన్నాకే.

మూడో వారంలో మంగవేణి ఎవరికీ చెప్పని మాట పూసకు చెప్పింది. పాప గుక్కపట్టి ఏడుస్తుంటే మంచం మీద వదిలేసి, బాత్రూంలో గడియ పెట్టుకుని కూర్చుంది. ఈ పిల్ల నాకెందుకు పుట్టిందా అనుకుంది.

పూస, "నానూ అలాగే గడియెట్టుకున్నానమ్మా, నా పెద్దోడప్పుడు," అంది.

మంగవేణి కరువుదీరా ఏడ్చింది. ఆ రోజు నుంచి పాలు బాగా పడ్డాయి. పాప ఒళ్ళు చేసింది.

రెండో నెల నిండాక మంగవేణి పాపనెత్తుకుని, అత్తగారితో మొదటిసారి హాలుకు వచ్చి, అందరి ముందూ నూకరత్నం చెయ్యి పట్టుకుంది. "నేనూ గడియ పెట్టుకున్నానని మీరు చెప్పకపోతే, ఆవేళే పాలు మాన్పించేసేదాన్నక్కా."

నూకరత్నం తెల్లబోయింది. "నీతో మాటాడ్డం ఇదే మొదలు కదమ్మా. నానెప్పుడూ అలాటి పని సేయనేదు."

హాల్లో ఉన్న మేమంతా మంగవేణి వైపు చూశాం. అత్తగారు పాపను ఆమె చేతుల్లోంచి తీసేసుకుంది.

అక్కడే ఉన్న డాక్టర్ అరుంధతి తాపీగా వివరించింది. "మాట్లాడింది మనిషి కాదు, ఏఐ మోడల్. మీ గురువారాల రికార్డింగులు విని నేర్చుకుంది. తాము చేసిన తప్పే అక్క కూడా చేసిందంటే తల్లులు కుదుటపడతారని దానికి తెలిసింది. సరిపోయే తప్పు దొరక్కపోతే కల్పిస్తుంది."

"రికార్డింగులు పాఠానికన్నారు," అంది నూకరత్నం.

"మాకు మనిషన్నారు," అంది మంగవేణి.

"మనిషంటేనే పనిచేస్తుందమ్మా. పాలు పెరిగాయి కదా?"

పెరిగాయి, కాదనను. డాక్టర్ ముఖంలో తప్పు చేశానన్న జాడే లేకపోవడమే నా ఒళ్ళు మండించింది.

మూడు రోజులకు నూకరత్నం మంగవేణి ఇంటికి వెళ్ళింది. బల్ల మీద పాలపొడి డబ్బా ఉంది. మంగవేణి సీసా కలుపుతోంది. నూకరత్నం నేల మీదే కూర్చుంది.

"గడియెట్టుకోనేదన్నది నిజవే. గానీ నా రెండోదాన్ని రెండ్రోజులు ఎత్తుకోనేదమ్మా. మొకం సూడబుద్ధి కానేదు. పక్కింటావిడ పాలిచ్చి బతికించింది. ఈ మాట హాల్లో కూడా ఎప్పుడూ సెప్పనేదు. మా ఆయనకీ తెలీదు." చెబుతూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మంగవేణి అంతా విన్నది. సీసా మూత బిగించింది.

"ఇలా చెప్పమని డాక్టరుగారు పంపించారా అక్కా?" అని మెల్లగా అడిగి, నూకరత్నం జుట్టు పక్కకు తొలగించి చెవిలో పూస ఉందేమోనని చూసింది.