ఖాళీ ఫోల్డర్, ఎర్రముక్కు చిలక

ఎసినామ్‌కు తుపాకీ అంటే భయం లేదు. తాను పక్కన లేని వేళ తన పసిపిల్లకు ఏమైనా అవుతుందేమోనని భయం. అంతకు మించిన భయం ఆమెకు మరొకటి లేదు.

ఆ ఉదయం పిల్ల ఒళ్లు కాలిపోతోంది. ఎసినామ్ వీధి చివర కొట్టులో జ్వరం సిరప్ కొని తెచ్చి పక్కింటి డెడే ఆంటీ చేతిలో పెట్టింది. సీసా మీద రామచిలక బొమ్మ. ఆంటీ చంకలో ఉన్న పిల్ల ఆ చిలక ఎర్రముక్కును బుల్లి గోటితో గీకుతోంది.

"మధ్యాహ్నం పాలు తాగాక ఒక చెంచా పట్టండి ఆంటీ. మర్చిపోరు కదా?"

"నలుగురిని కని పెంచినదాన్ని, నాకు చెబుతున్నావా? వెళ్లవే తల్లీ, నీ కంప్యూటర్లకేం జలుబు చేసిందో చూసుకో!"

మొన్న పొయ్యి మీద సూప్ పెట్టి, ఆ సంగతే మరిచి బజారుకు వెళ్లిపోయింది ఈ ఆంటీయే. ఎసినామ్ రెండడుగులు వేసి వెనక్కి చూసింది. మళ్లీ చూసింది. తర్వాత నడిచింది.

వీధిలో అందరికీ ఆమె కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయి. అసలు ఉద్యోగం గూఢచర్యం. ఆ సంగతి తెలిసిన కొద్దిమందిలో ఆమె చీఫ్ లాంప్టీ ఒకడు. ఆయన టెమా ఓడరేవు గేటు ఎదుట కొబ్బరిబోండాలు అమ్మేవాడి వేషంలో, కత్తి పట్టుకుని కూర్చున్నాడు.

"విను." బోండం తల చెక్కుతూ గొంతు తగ్గించాడు. "విదేశీ ముఠా. విషం కలిపిన జ్వరం సిరప్. కంటెయినర్ ఇవాళే రేవు దాటుతుంది. ఏ కంటెయినరో, ఏ మార్కో ఆ పై అంతస్తులో, సరుకు విడిపించే క్లియరింగ్ ఆఫీసు మెయిల్లో ఉంది. సరుకింకా ఊళ్లోకి రాలేదు, అదొక్కటే అదృష్టం."

"ఆ మెయిల్స్ డిలీట్ చేశారన్నారు కదా సార్?"

"చేశారు. పూర్తిగా తుడిచెయ్యబోతుంటే పొద్దున నేనే కరెంటు తీయించా. మధ్యలో ఆగేసరికి ఫోల్డర్ పాడైంది. ఇప్పుడు మొత్తం ఖాళీగా కనబడుతోందట. కంటెయినర్ రిలీజ్ కోడ్ కూడా అందులోనే ఇరుక్కుంది. అది లేకపోతే లారీ కదలదు. అందుకే రిపేరుకు మనిషి కావాలన్నారు. ఆ మనిషివి నువ్వు."

"లోపల మనవాళ్లెవరు?"

"విడా. ఆఫీసు మేనేజర్. ముఠాలో మన డబుల్ ఏజెంట్. ఏ కంటెయినరో తనకూ తెలియదంటోంది." ఆయన బోండం అందించాడు. "పీచులో మైక్ ఉంది. ప్రమాదమైతే 'ఉప్పగా ఉంది' అను. మళ్లీ లైన్ కట్ చేయిస్తా. రేవు గేటు కూడా ఆ లైన్ మీదే పనిచేస్తుంది."

"మా వీధి కూడా ఆ లైన్ మీదే సార్. ఆంటీ ఫోన్ బ్యాటరీ ఉబ్బిపోయింది. ఛార్జర్ తీగకు తగిలించి ఉంటేనే పలుకుతుంది."

"ఒక్క పూట ఫోన్ లేకపోతే కొంపలేం మునగవమ్మాయ్."

ఎసినామ్ బోండం పట్టుకుని ఆఫీసు మెట్లెక్కింది.

ఆఫీసు కిటికీల ఇనుప తలుపులన్నీ మూసి ఉన్నాయి. విడా ఎదురొచ్చింది. పూలపూల అద్దకం గౌను, ఎత్తు మడమల చెప్పులు, మనిషి కంటే ముందు వచ్చే సెంటు వాసన.

"వాన వస్తుందంటావా?" అంది.

"గొడుగు ఇంట్లోనే మర్చిపోయాను మేడమ్."

గుర్తు మాట కలిసింది. విడా నవ్వింది. "బోండం నీకొక్కదానికేనా? మాకు దాహం వెయ్యదా? సరే, కూర్చో. రిలీజ్ కోడ్ ఒక్కటి తీసిపెట్టు. మిగతా చెత్త నేను చూసుకుంటా."

ఇన్‌బాక్స్ తెరిస్తే తెల్లకాగితంలా ఉంది. ఎసినామ్ ప్రోగ్రామ్ మూసేసి డిస్క్‌లో అసలు ఫైలు వెతికింది. దాని సైజు ఏమాత్రం తగ్గలేదు. అంటే ఉత్తరాలన్నీ లోపలే ఉన్నాయి. చెడింది పక్కనుండే చిన్న ఇండెక్స్ ఫైలు. మూట మీద చీటీ ఊడిపోతే లోపల బట్టలు లేవంటామా? ఈ ప్రోగ్రామూ అంతే. డిలీట్ చేసిన ఉత్తరాలు సైతం అక్కడే దాక్కుని ఉంటాయి, ఎవరో ఒకరు 'కంపాక్ట్' నొక్కి, ఫైలు పిండేసి వాటిని శాశ్వతంగా చెరిపేసేదాకా.

"ముందు కాపీ తీసుకోనా మేడమ్? పోతే మళ్లీ రావు."

"కాపీలూ గీపీలూ వద్దు. కానియ్."

విడా ఫోన్ పట్టుకుని అటు తిరిగింది. ఆ కాస్త సందులోనే ఎసినామ్ డిలీట్ గుర్తులన్నీ ఒక్క దెబ్బకు చెరిపేసింది. పాడైన ఇండెక్స్ తీసిపారేసి ప్రోగ్రామ్ మళ్లీ తెరిచింది. అది కొత్త ఇండెక్స్ కట్టుకుంటుంటే ఉత్తరాలు ఒకటొకటే పైకి తేలాయి. అన్నిటికంటే ముందు రిలీజ్ కోడ్. విడా దాన్ని ఫోన్లో ఎవరికో చదివి వినిపించింది. కింద లారీ ఇంజన్ గుర్రుమంది.

ఆ వెనకే ఇంకో ఉత్తరం.

'మన సిరప్ గుర్తుపట్టడం తేలిక. అసలు చిలకకు పసుపు ముక్కు, మన చిలకకు ఎర్రముక్కు. ఒక కార్టన్ కమ్యూనిటీ ఫోర్ కొట్లలో అమ్మి చూశాం. ఎవరికీ అనుమానం రాలేదు.' కింద పేరు: విడా.

కమ్యూనిటీ ఫోర్ అంటే ఎసినామ్ ఉండే పేట. ఎర్రముక్కును గీకే బుల్లి గోరు కళ్లముందు మెదిలింది.

"చదివేశావన్నమాట." మెడ మీద ఇనుము తగిలింది. సెంటు వాసన చెవి దగ్గరికి వచ్చింది. "డబుల్ ఏజెంటంటే రెండు జీతాలమ్మా. వాళ్ల కవరు కాస్త లావు."

"పసిపిల్లలు తాగే మందు మేడమ్."

"నా పిల్లలు తాగరుగా. అన్నీ డిలీట్ చెయ్. కంపాక్ట్ నొక్కు."

ఎసినామ్ ఉత్తరాలన్నీ డిలీట్ చేసి కంపాక్ట్ నొక్కింది. 'ఫోల్డర్లు కంపాక్ట్ చేయాలా?' అని తెర అడిగింది.

ఇప్పుడైతే ఆంటీ ఫోన్ పలుకుతుంది. ఒక్క కాల్ చాలు, 'పట్టొద్దు' అన్న ఒక్క మాట చాలు. ఉప్పు మాట అంటే కరెంటు పోతుంది, ఆ ఫోనూ పోతుంది. అనకపోతే గేటు లేస్తుంది, లారీ ఊరి మీద పడుతుంది. ఎన్ని ఇళ్లు, ఎన్ని చెంచాలు! ఎసినామ్ కళ్లు మూసుకుని 'అవును' నొక్కింది.

"మేడమ్, ఈ బోండం ఉప్పగా ఉంది."

"చావబోతూ రుచులేమిటే?"

తెర మీద ఆకుపచ్చ గీత చివరి అంచుకు పాకుతోంది. ఇంకా రవ్వంత. ఇంకా—

చీకటి.

ఎసినామ్ బోండాన్ని బలంకొద్దీ వెనక్కి విసిరి కొట్టింది. కెవ్వుమన్న కేక, పిస్టల్ నేల మీద దొర్లిన చప్పుడు. లాంప్టీ మనుషులు మెట్లెక్కి వచ్చేసరికి విడా మణికట్టు పట్టుకుని, నీళ్లు కారుతున్న గౌనుతో కూలబడి ఉంది. కింద గేటు కడ్డీ సగంలో ఆగిపోయింది. లారీ దాని కింద ఇరుక్కుని, రోడ్డంతా మూసేసి నిలబడింది.

"మెయిల్స్ పోయినట్టేనా?" లాంప్టీ రొప్పుతూ అడిగాడు.

"లేదు సార్. కంపాక్ట్ పూర్తిగా అయితే తప్ప పాత ఫైలును చెరపదు. అంతా భద్రం." చెబుతూనే ఫోన్ నొక్కుతోంది. స్విచ్ ఆఫ్. మళ్లీ నొక్కింది. స్విచ్ ఆఫ్. "సార్, కరెంటు ఇప్పించండి! ఆ చిలక సీసా మా పిల్ల దగ్గరే, ఆంటీ చేతిలో ఉంది!"

లాంప్టీ అప్పటికే సబ్‌స్టేషన్‌తో మాట్లాడుతున్నాడు. ఆయన ముఖం పాలిపోయింది. "అక్కడేదో కాలిపోయిందట. సాయంత్రం దాకా రాదంటున్నారు. జీపు చూస్తే లారీ వెనక చిక్కుకుంది..."

వినడానికి ఎసినామ్ అక్కడ లేదు. నిలిచిపోయిన లారీల మధ్య నుంచి చెప్పులు వదిలేసి పరుగెడుతోంది. ఎండ నడినెత్తి దాటింది. పిల్ల పాలు తాగే వేళ.

డెడే ఆంటీ ఏ పనీ గుర్తుపెట్టుకోదని ఆ వీధంతా తిట్టిపోస్తుంది. ఈ ఒక్క పూటా ఆవిడ మతిమరుపు చల్లగా ఉండాలి. అయినా మనుషుల్ని నమ్మలేం, ఒక్కోసారి గుర్తొచ్చేస్తుంది. మీలో ఎవరైనా కమ్యూనిటీ ఫోర్‌కు దగ్గర్లో ఉంటే, ఎసినామ్ కంటే ముందు చేరగలిగితే, బావి పక్క ఆంటీ ఇంటి నీలం తలుపు కొట్టండి. పిల్ల ఎలా ఉందో చూడండి. సీసా మూత ఇంకా బిగించే ఉందో లేదో, అదొక్కటి చూసి చెప్పండి.