మేడమీది గదిలో దగ్గు

చీకటి పడ్డాక ఆ మేడమీది గదిలోకి వెళ్ళొద్దు. మా రంగుల కంపెనీ బ్రాంచిలో కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటిరోజే చెప్పే మాట అది. జీతం ఎంతో ఆ తర్వాత చెప్పేవాళ్ళు.

నవ్వకండి. నేను వ్యాను తోలేవాణ్ణి. దారిపొడుగునా ఎన్ని కట్టుకథలు విన్నానో మీకు తెలీదు. కల్పించి చెప్పేదేదో, జరిగిందేదో నాకు ఇట్టే తెలిసిపోతుంది. ఇది సగం రంగులక్క నోట విన్నది, మిగతా సగం నేనే ఆ గుమ్మంలో నిలబడి చూసింది.

ఒకప్పుడు అది అతిథుల గది. ఏడాదికోసారి హెడ్డాఫీసు వాళ్ళు రైల్లో వచ్చి, ఆ గదిలో మంచం మీద పడుకుని, మాతో కూర్చుని తిని, గోదామంతా తిరిగి, పేరుపేరునా పలకరించి వెళ్ళేవాళ్ళు. తర్వాత ఏ మహానుభావుడికి తట్టిందో గానీ... ప్రయాణాలు దండగ, టిక్కెట్లు దండగ, భోజనాలు దండగ అన్నారు. మంచం తీసేశారు. గోడకి ఇంత పెద్ద టీవీ, దాని నెత్తిన కెమెరా, పొడుగాటి బల్ల, బల్ల మధ్యలో ఒక నల్లటి గుండ్రటి యంత్రం. మన మాటలు అటు చేరవేసేదీ అదే, అటువాళ్ళ మాటలు మనకి వినిపించేదీ అదే. మేం దానికి తాబేలు అని పేరు పెట్టుకున్నాం.

ఇకమీదట హెడ్డాఫీసూ బ్రాంచీలూ అన్నీ ఒకే కుటుంబంలా ఎప్పుడూ కలిసే ఉంటాయని టీవీలో చెప్పారు. ఖర్చు మాత్రం లేదట. చవగ్గా దొరికింది కుటుంబం!

ఆ గదిలోనే, ఒక మీటింగు మధ్యలో, మా మేనేజరు పెద్దాయన కుర్చీలో ఒరిగిపోయాడు. అవతల హెడ్డాఫీసులో అందరూ చూస్తూనే ఉన్నారు. "హలో, వినబడుతోందా? మా మాట వినబడుతోందా?" అని అడుగుతూనే ఉన్నారు. ఆయనకి వినబడలేదు.

పెద్దాయనకి ఒక దగ్గు ఉండేది. రెండు పొడి దగ్గులు... కాస్త ఆగి, గొంతు సవరింపు. మెట్ల మీద ఆ దగ్గు వినబడిందంటే చాలు, కబుర్లు మానేసి ఎవరి పనిలో వాళ్ళం పడేవాళ్ళం.

ఆయన పోయిన కొన్నాళ్ళకి ఆ దగ్గు మళ్ళీ వినబడింది.

ముందు విన్నది వాచ్‌మన్ తాత. పొద్దుగూకాక కిటికీలు మూయడానికి మేడెక్కాడు. గదిలో నరపురుగు లేదు. టీవీ నల్లగా ఉంది. ఖళ్... ఖళ్... కాస్త ఆగి — గొంతు సవరింపు. ఆ మర్నాటి నుంచి కిటికీలతో తనకి సంబంధం లేదన్నాడు తాత.

తర్వాత మా లెక్కలాయన. "దెయ్యాలూ లేవు, గియ్యాలూ లేవు, మీకు బుద్ధి లేదు" అని అందర్నీ తిట్టి, మర్చిపోయిన కళ్ళజోడు కోసం పైకెళ్ళాడు. దిగేటప్పుడు ఒంటి చెప్పుతో దిగాడు. రెండో చెప్పు పొద్దున్నే వెళ్ళి తెచ్చుకున్నాడు, అదీ నన్ను తోడు తీసుకెళ్ళి.

భయపడనిది రంగులక్క ఒక్కతే.

రంగులక్క అంటే మా దగ్గర షేడ్లు కలిపే ఆవిడ. ఎవరైనా పాత తలుపు చెక్కముక్క తెచ్చి "అచ్చం ఇదే రంగు కావాలి" అంటే, దాన్ని కిటికీ వెలుతుర్లో పట్టి చూసి, ఇందులోది ఓ చుక్క, అందులోది ఓ చుక్క కలిపి, అదే రంగు దించేది. కొన్నాళ్ళుగా మాత్రం మధ్యాహ్నం దాటాక వచ్చినవాళ్ళని "రేపు పొద్దున్నే రండి బాబూ" అని పంపేస్తోంది. వయసు మీద పడుతోంది కదా అనుకున్నాం.

పెద్దాయన ఆవిణ్ణి సొంత చెల్లెల్లా చూసుకున్నాడు. ఆయన భార్య తొందరగా పోయింది. ఒక్కడే కొడుకు, చిన్నబాబు. వాడు బడి వదలగానే వచ్చి రంగులక్క పక్కన స్టూలెక్కి కూర్చునేవాడు. కుదరని రంగులన్నీ వాడి బొమ్మలకే. "పిన్నీ, పిన్నీ" అంటూ కొంగు వదిలేవాడు కాదు. వాడికి హెడ్డాఫీసులో ఉద్యోగం వచ్చిననాడు ఆవిడ కాళ్ళు నేలమీద నిలవలేదు.

ఈ టీవీ మీటింగుల వ్యవహారమంతా చూసేది ఆ చిన్నబాబే. మాకు నేర్పిందీ వాడే. "అయిపోగానే టీవీ ఆపెయ్ పిన్నీ, చాలు. లైను నేనిక్కడ కట్ చేస్తా. తాబేలు మీద చిన్న లైటుంటుంది చూడు, పచ్చగా ఉంటే మనం కలిసున్నట్టు, ఎర్రగా ఉంటే తెగిపోయినట్టు." మేం టీవీ ఆపి, దుమ్ము పడకుండా తాబేలు మీద ఓ గుడ్డ కప్పి దిగిపోయేవాళ్ళం. గుడ్డ కింద ఏ రంగు వెలుగుతోందో ఎవరు చూడొచ్చారు?

ఆరోజు సాయంత్రం ఒకటే వాన. అందరూ ఇళ్ళకి పోయారు. రంగులక్క మేడెక్కింది.

"భయమేంటి తమ్ముడూ? బతికుండగా నన్నొక్క మాట అనని మనిషి. ఉంటే కాస్త మనసులో మాట చెప్పుకుందామని..." అంది తర్వాత నాతో.

లైటు వెయ్యలేదు. గుడ్డ తీసి మడిచి పక్కన పెట్టింది. తాబేలు మీద మినుకుమినుకుమంటూ వెలుగు. వంగి చూసింది. ఎరుపే అనుకుంది.

ఆయన కుర్చీకి ఎదురుగా కూర్చుంది.

"సార్..."

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"సార్, ఉన్నారా?"

ఎవరో ఊపిరి పీల్చినట్టు... ఆ గదిలోనే. ఎటువైపో తెలీలేదు.

"మీరే అయితే... ఒక్కసారి దగ్గండి సార్."

చాలాసేపు ఏమీ లేదు. ఇదంతా నా పిచ్చి అనుకుని ఆవిడ లేవబోయింది.

ఖళ్... ఖళ్... కాస్త ఆగి — గొంతు సవరింపు.

ఒళ్ళంతా ఝల్లుమంది. ఆ వెనకే కళ్ళలో నీళ్ళు. పోయిన మనిషి పిలిస్తే పలికాడు! ఇక ఆగలేకపోయింది. కన్నకూతురికి కూడా చెప్పనిది ఆ ఖాళీ కుర్చీకి చెప్పేసింది.

"నా కళ్ళు పోతున్నాయి సార్. ఎడంది ఎప్పుడో పోయింది. ఇప్పుడు కుడిదీ మసకేస్తోంది. పొద్దు వాలితే ఎరుపేదో, పచ్చేదో తెలీట్లేదు. అందుకే పొద్దుటి వెలుతుర్లోనే అన్నీ కలిపేసుకుంటున్నా. ఇప్పటిదాకా ఒక్క డబ్బా వెనక్కి రాలేదు, ఒట్టు. అమ్మాయి చదువు అయ్యేదాకా నెట్టుకొస్తే చాలు సార్. ఈలోగా తెలిసిందంటే నన్ను ఇంటికి పంపేస్తారు. మీ కడుపులో పెట్టుకోండి."

ఖళ్... అని మెల్లిగా. ఒప్పుకున్నట్టే ఉంది.

ఆవిడ మెట్లు దిగేసరికి గుండె దూదిపింజలా తేలికైందట. ఆ తర్వాత బరువనిపించినప్పుడల్లా వెళ్ళేది. కూతురి పరీక్షలు, ఇంటాయన మోకాళ్ళ నొప్పులు, కళ్ళ డాక్టరు చెప్పిన మాటలు... అన్నీ ఆ చీకట్లో చెప్పుకునేది. "పాపం, పట్టేసింది ఆవిణ్ణి" అని లెక్కలాయన మంత్రాలవాణ్ణి వెతకబోయాడు. దెయ్యాలు లేవన్న మనిషే!

ఒకరోజు మధ్యాహ్నం, ఎవరూ మానకూడదు, అందరూ మీటింగుకి రావాలన్నారు. పట్టపగలే కదా అని వాచ్‌మన్ తాత కూడా గుండె చిక్కబట్టుకుని వచ్చాడు. కుర్చీలు చాలక నేను గుమ్మంలో నిలబడ్డాను.

టీవీలో ఒక పెద్దమనిషి, పక్కన మన చిన్నబాబు. నీటుగా తయారయ్యాడు. రంగులక్క వాణ్ణి చూసి చెయ్యి ఊపింది. వాడు తల దించుకున్నాడు.

పెద్దమనిషి అందుకున్నాడు. ఖర్చులు తగ్గించాలి. ఇక ఈ బ్రాంచిలో షేడ్లు కలిపే మనిషి అక్కర్లేదు. కొనేవాడు తెచ్చిన ముక్కని కెమెరాకి చూపిస్తే, ఏది ఎంత కలపాలో హెడ్డాఫీసు చెబుతుంది. కెమెరాలో రంగు చూస్తారట! ఆ టీవీలో నా నీలం చొక్కా ఎప్పుడూ బూడిదరంగులో కనబడేది.

రంగులక్క ముఖంలో కత్తివేటుకి నెత్తుటిచుక్క లేదు. "బాబూ..." అంది, చిన్నబాబుని చూస్తూ. "నువ్వైనా చెప్పు నాయనా. నా పని నీకు తెలీదా?"

వాడు ఎంతో ప్రేమగా ముందుకి వంగాడు.

"నీ మంచికే పిన్నీ. ఇంకా ఎన్నాళ్ళు కష్టపడతావు? కళ్ళకి విశ్రాంతి కావాలి కదా. కుడి కన్ను కూడా..."

అని ఆగిపోయాడు.



"నా కంటి సంగతి నీకెవరు చెప్పారు?" అంది రంగులక్క మెల్లిగా.

వాడు మంచినీళ్ళ గ్లాసు కోసం తడుముకున్నాడు. దగ్గొస్తే మైకు ఆపి దగ్గడం వాళ్ళ మర్యాద. ఈసారి ఆపడం మర్చిపోయాడు.

ఖళ్... ఖళ్... కాస్త ఆగి — గొంతు సవరింపు.

తాబేలులోంచి!

లెక్కలాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తాత గోడకి ఆనుకుపోయాడు. అచ్చు గుద్దినట్టు తండ్రి దగ్గే. ఇన్నాళ్ళూ మా పైప్రాణాలు పైనే పోయేలా చేసిన దగ్గే.

"ఆరోజు దగ్గమంటే దగ్గింది... నువ్వా?"

పక్కనున్న పెద్దమనిషి ఏమిటేమిటని అడుగుతున్నాడు. వాడు ఆయన వైపు చూడలేదు.

"మొదట్లో కట్ చెయ్యడం మర్చిపోయాను పిన్నీ, నిజం. తర్వాత నువ్వు నాన్నతో మాట్లాడుతుంటే... కట్ చెయ్యబుద్ధి కాలేదు. నాన్న ఉన్నట్టే ఉండేది."

"సరే, విన్నావు. పైవాళ్ళకెందుకు చెప్పావు?"

"ఎవరో ఒకళ్ళని తగ్గించమన్నారు పిన్నీ. ఎవర్నని అడిగారు..."

"నువ్వు నన్ను చూపించావు."

వాడి దుంపతెగ! తండ్రి పోయిన గదిలో, తండ్రి దగ్గు దగ్గి, తల్లిలాంటి మనిషి గుట్టు లాగాడు. దెయ్యానికైనా ఇంత తెగింపు ఉంటుందా? నాకు ఒళ్ళు మండిపోయింది.

"మిగతాది విడిగా మాట్లాడుకుందాం" అన్నాడు పెద్దమనిషి. బొమ్మ పోయింది. లెక్కలాయన టీవీ ఆపాడు.

ఎవరూ లేవలేదు. రంగులక్క ఏడవలేదు. తాబేలునే చూస్తూ కూర్చుంది.

"తమ్ముడూ... ఆ లైటు ఏ రంగు?"

వెళ్ళి వంగి చూశాను.

"పచ్చ అక్కా."

వాడింకా అక్కడే ఉన్నాడు. వింటున్నాడు.

ఆవిడ తాబేలుని రెండు చేతులా దగ్గరికి లాక్కుంది, పసివాడి తల దగ్గరికి తీసుకున్నట్టు. వంగి, గుసగుసగా అంది.

"మీ నాన్న దెయ్యమే అయ్యుంటే బాగుండేది నాయనా. దెయ్యమైనా కడుపులో పెట్టుకునేది."

అటునుంచి ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు... అంతే. తర్వాత అదీ లేదు.

"ఇప్పుడో?" అంది ఆవిడ.

"ఎరుపు అక్కా. తెగిపోయింది."

నా ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ళ పరిచయం, అయినా నా మాట నమ్మలేదు. బల్లకింద చేత్తో తడుముకుంటూ వెళ్ళి, గోడలోంచి వైరు పీకేసింది.