ఐదో చాక్లెట్

“చాక్లెట్ తినడం వచ్చా నీకు?” అడిగాడు చీఫ్.

“తినడం ఎవరికైనా వస్తుంది సార్. టేస్ట్ చెయ్యడం వచ్చు,” అంది పిట్ట.

“ఎక్కడ నేర్చుకున్నావ్?”

“మా ఆయన నేర్పాడు.”

చీఫ్ చూపు టేబుల్ మీదికి దిగిపోయింది. పిట్ట అన్నది డిపార్ట్‌మెంట్ ఆమెకు పెట్టిన కోడ్ నేమ్. ఆమె భర్త కూడా ఇక్కడే ఏజెంటు. మనిషి అందగాడు కావడంతో అందరూ హీరో అనేవారు. రెండేళ్ల క్రితం సరిహద్దు అవతల ఒక మిషన్లో అతని కారు కాలిపోయింది. గుర్తుపట్టడానికి చేతి వాచీ తప్ప ఏమీ మిగల్లేదు. అప్పట్నుంచి పిట్ట ఇంటికి వెళ్ళడం తగ్గించుకుని, ఎవరూ ముందుకు రాని మిషన్లన్నీ నెత్తిన వేసుకుంటోంది.

చీఫ్ గొంతు సవరించుకుని బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. మర్నాడు ఉదయం ఒక హోటల్లో ఫ్రెంచ్ చాక్లెట్ బార్ల పోటీ. జడ్జీలకు పెద్ద, దేశానికి మిస్సైళ్లు తయారుచేసి పెట్టిన ముసలి సైంటిస్టు. ఆయనకు చాక్లెటంటే ప్రాణం. ఆ ప్రాణానికే ఎసరు పెట్టింది ఒక విదేశీ ముఠా. పోటీలోని బార్లలో ఒకదాంట్లో విషం ఉంటుంది. రుచీ వాసనా లేని విషం.

“పోటీ ఆపించేస్తే?”

“ఇంకోచోట ప్రయత్నిస్తారు. ముఠా మనిషి ఆ గదిలోనే ఉంటాడు. వాడు నాకు కావాలి. నువ్వు పెద్దాయన పక్కన కూర్చునే జడ్జివి. బార్ విరిచి మొదటి ముక్క ఆయనకిచ్చేది నువ్వే.”

“ఏ బారో ఎలా తెలుస్తుంది?”

“విషం కలపాలంటే కరిగించి మళ్ళీ అచ్చు పొయ్యాలి. అలా పోస్తే నిగారింపు పోయి తెల్లబారుతుందని మన లాబ్ వాళ్ళు చెప్పారు. నీ కొంగుకి పెట్టే బ్రోచ్‌లో మైక్ పెడతాం. ‘పండు వాసన’ అన్నావంటే అంతా బాగున్నట్టు. ‘పొగ వాసన’ అంటే మావాళ్ళు తలుపులు మూసేస్తారు.”

మర్నాడు పిట్ట నెరిసిన విగ్గూ, ముత్యాల గొలుసూ, ముక్కు మీదికి జారే కళ్లజోడుతో హోటల్ హాల్లోకి వెళ్ళింది. పొడుగాటి టేబులు. తెల్లటి గుడ్డ. ఒక్కో జడ్జి ముందూ గోరువెచ్చని నీళ్ళ గ్లాసు. గడ్డం నెరిసిన వెయిటర్ ఒకడు వెనక నుంచి నీళ్ళు నింపుతూ తిరుగుతున్నాడు.

“మీ చెయ్యి మంచిదేనా అమ్మా?” అన్నాడు సైంటిస్టు చేతులు రుద్దుకుంటూ.

“చూద్దాం సార్.”

మొదటి బార్ని చెవి దగ్గర పెట్టుకుని విరిచింది. శుభ్రంగా టక్‌మంది. ముక్కని నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ‘నమలకు. ఊరుకో. అదే మాట్లాడుతుంది’ అనేవాడు హీరో, ఆదివారాలు వంటింట్లో తనే అద్దంలా మెరిసేట్టు అచ్చు పోసిన ముక్కని ఆమె నోటికి అందిస్తూ. ముందు పులుపు, తర్వాత వేయించిన గింజల కమ్మదనం, చివర్న సన్నటి చేదు.

“పండు వాసన,” అంది. రెండోదానికీ అదే అంది. మూడు, నాలుగు కూడా గడిచిపోయాయి.

ఐదోది అద్దంలా మెరుస్తోంది. విరిస్తే అన్నిటికంటే స్పష్టంగా పలికింది. లాబ్ లెక్కన దానికి వంక పెట్టడానికి లేదు. మొదటి ముక్క సైంటిస్టు చేతిలో పెట్టి, మిగతా సగాన్ని అలవాటుగా వెనక్కి తిప్పింది. ‘ముఖం అందరూ కడుక్కుంటారే, వీపు చూడు’ అని అదీ అతను నేర్పిందే.

యంత్రం పోసిన బార్ వీపు చదునుగా ఉంటుంది. దీని మీద సన్నటి గీత ఉంది, అంచు దగ్గర ఎడమవైపుకి మెలి తిరిగి. అచ్చు మీద ఎక్కువైన చాక్లెట్ని ఎడమచేత్తో గీకేసి, చివర్న మణికట్టు తిప్పిన గీత. ఆ మణికట్టుని ఆమె ఎన్ని ఆదివారాలు చూసిందో.

పిట్ట తలెత్తింది. వెయిటర్ జగ్గు ఎడమచేతిలో ఉంది.

బతికే ఉన్నాడు. ఒక్క క్షణం, సిగ్గులేని ఒక్క క్షణం, ఆమెకు సంతోషమేసింది.

సైంటిస్టు ముక్క పెదవులదాకా వచ్చేసింది. పిట్ట ఆయన మణికట్టు పట్టేసుకుంది.

“ఆగండి సార్. ఇది ముందు నేను చూస్తాను.”

ఆ ముక్క తీసుకుని తన నోటి దగ్గర పెట్టుకుంది. వెయిటర్ వైపే చూసింది. అతనూ చూశాడు. గుర్తుపట్టాడు. విగ్గులు వాళ్ళిద్దరి మధ్యా ఎప్పుడు పనిచేశాయి గనక.

వద్దు అంటాడేమోనని ఆగింది. కనీసం తల అడ్డంగా ఊపుతాడేమోనని చూసింది.

అతను పక్క గ్లాసులోకి నీళ్ళు వంచుతూనే ఉన్నాడు. నీటి ధార వణకలేదు.

పిట్ట ముక్కని ప్లేట్లో పెట్టేసింది. “పొగ వాసన,” అంది. తలుపులు మూసుకున్నాయి.

కిచెన్ పక్క వరండాలో బేడీలు వేసి నిలబెట్టారు అతన్ని. గడ్డం సగం ఊడి వేలాడుతోంది. అప్పటికీ అందగాడే.

“ఎప్పట్నుంచి వాళ్ళ మనిషివి?” అడిగింది.

“నిన్ను చూడకముందు నుంచే.”

“అయితే పెళ్ళి కూడా డ్యూటీయేనా?”

అతను తలొంచి, వేలాడుతున్న గడ్డాన్ని బేడీల చేతుల్తో పీకేశాడు.

“వద్దని ఎందుకనలేదు?”

“నువ్వు తినవని తెలుసు.”

“నాకు తెలీదు,” అంది పిట్ట.

అతను తలెత్తాడు. ఏదో చెప్పబోయాడు. ఆమె వినకుండా బయటికి నడిచింది.

కార్లో చీఫ్, ముఠా మొత్తం దొరికిందనీ, సైంటిస్టు ఆరో బార్ కోసం గొడవ చేస్తున్నాడనీ చెప్పి, చివరికి నెమ్మదిగా అన్నాడు.

“కొన్నాళ్ళు సెలవు పెట్టమ్మా.”

“భర్త పోయినందుకిచ్చే సెలవు అప్పుడే వాడేశాను సార్,” అంది పిట్ట, విగ్గు తీసి ఒళ్ళో పెట్టుకుంటూ. “ఒకే మొగుడికి రెండుసార్లు ఇస్తారో లేదో రూల్సు చూసి చెప్పండి.”