పంతొమ్మిది లేని లెక్క

మా పాప ప్రవళికకు ఆరేళ్లు. విశాఖలో మా చెల్లెలు శ్రీవాణి ఇంట్లో ఉండి చదువుకుంటోంది. నా ఉద్యోగం ఆళ్లగడ్డలో, ఒక ల్యాబులో. పెంపకమంతా ఫోనులోనే. రోజూ సాయంత్రం అవే అడుగుతాను. అన్నం తిన్నావా? గేటు వేశారా? పిన్ని గోళ్లు కత్తిరించిందా?

ఆదివారం మాత్రం ఇద్దరం సముద్రపు కాకులను లెక్కపెడతాం. తను బీచిలో, నేను సంజామల దాటాక ఉన్న రిజర్వాయరులో. చలికాలం ఆ తెల్ల పిట్టలు ఇంత దూరమూ వస్తాయి. పొద్దువాలే వేళకు నీళ్ల మీద దిగి అక్కడే నిద్రపోతాయి. తర్వాత ఫోనులో లెక్క చెప్పుకుంటాం. పాప ఎప్పుడూ పద్దెనిమిది తర్వాత ఇరవై అంటుంది. నేను దిద్దుతాను. మళ్లీ మరిచిపోతుంది.

ఆ ఆదివారం అక్కడ చేపలు పట్టే మద్దిలేటి పడవ ఎక్కాను. లైఫ్ జాకెట్ పట్టీలు మూడోసారి లాగి చూసుకుంటుంటే అతను నవ్వాడు.

"తెగేదాకా లాగుతావేందక్కా? మునిగితే నేను ల్యానా?"

ఒడ్డు దూరమయ్యాక నవ్వు పోయింది.

"ఒగ మాట. పొద్దు గూకినాక నీళ్ల మీద ఇంటోళ్ల పేరు తియ్యాకు."

"ఎందుకు?"

"మా నాయన చెప్పల్యా. నేను అడగల్యా."

నడిమధ్యలో ఇంజను ఆపాడు. నాచు వాసన. డీజిలు వాసన. పిట్టలు ఒక్కొక్కటే చప్పుడు లేకుండా దిగుతున్నాయి. మంచు కమ్ముకుంటోంది. మెల్లగా పైకే లెక్కపెడుతున్నాను.

పదకొండు... పన్నెండు...

నాతోపాటు ఇంకెవరో లెక్కపెడుతున్నారు.

చిన్న గొంతు. మంచు లోపలి నుంచి. నేను ఆగాను. అది ఆగలేదు.

"పదిహేడు... పద్దెనిమిది... ఇరవై."

"ప్రవళికా! కదలకు, అక్కడే ఉండు!"

నోరు జారిపోయింది. పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. రెక్కల చప్పుడు కూడా వినపడలేదు.

"పేరెందుకు తీస్తివక్కా..." మద్దిలేటి గుసగుసలాడాడు. గబగబా ఇంజను తిప్పాడు.

ఒడ్డున సిగ్నలు రాగానే ఫోను చేశాను. పాపే ఎత్తింది.

"అన్నం తిన్నా. గేటు వేశాం. గోళ్లు కత్తిరించింది."

నేనింకా ఏమీ అడగలేదు.

"లెక్క చెప్పు తల్లీ..."

గడగడా చెప్పింది. పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై.

మర్నాడే విశాఖ రైలెక్కాను. పాప చెవి వెనక పుట్టుమచ్చ అలాగే ఉంది. మోకాలి మీద గాటు ఉంది. "ఈ మధ్య అసలు అల్లరే లేదక్కా," అంది శ్రీవాణి సంతోషంగా. పాప నా ఒళ్లో కదలకుండా కూర్చుంది. జుట్టు వాసన చూశాను. నాచు.

మద్దిలేటి మళ్లీ నన్ను పడవ ఎక్కించుకోలేదు. అయినా ప్రతి ఆదివారం వెళ్లి కట్ట మీద ఒక్కదాన్నే కూర్చుంటాను. పొద్దు గూకగానే నీళ్ల మీద ఆ చిన్న గొంతు లెక్క మొదలుపెడుతుంది. ఇరవై దగ్గర దిద్దుతాను. మళ్లీ ఒకటి నుంచి చెబుతుంది.

నిన్న తట్టుకోలేక, నీళ్ల వైపు వంగి అడిగాను.

"అన్నం తిన్నావా?"

లెక్క ఆగిపోయింది.

ఈసారి కట్ట కిందనే, నా కాళ్లకు దగ్గరగా...

"లేదమ్మా."